నల్ల పిల్లి, పిస్తా రంగు గోడ, ఒక ట్యూబులైటు: ప్రాజెక్టు డైరీ

మా పిల్లి పేరు కాటుక. ఒళ్లంతా నలుపే. గుండె మీద మాత్రం నాలుగైదు తెల్ల వెంట్రుకలు, ఎడమ చెవి అంచున పాత గాయం మిగిల్చిన చిన్న నొక్కు. వయసు పదకొండేళ్లు. కాకినాడలో మేముండేది రెండో అంతస్తు. పక్క భవనం అడ్డం కావడంతో మధ్యాహ్నం మూడు దాటితే హాల్లో లైటు వేయక తప్పదు. ఆ వెలుగులో తీసిన ఏ ఫొటోలో చూసినా కాటుక రెండు కళ్లున్న నల్లటి మచ్చలా కనబడేది. ఆ మచ్చలోంచి మా పిల్లిని బయటికి తేవడానికి పది వారాలు పట్టింది. ఏది ఎందుకు పాడైందో, ఏది ఎందుకు మార్చానో అంకెలతో రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు, ఇలాంటి పిల్లి ఉన్నవాళ్లు నా తప్పుల దగ్గర ఆగిపోకుండా ముందుకు వెళ్లవచ్చు.

లెక్క కోసం మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాను. ఈ మూడూ ఉంటేనే ఫొటో పనికొచ్చినట్టు:

1. కెమెరాకు దగ్గరగా ఉన్న కన్ను, తెర మీద నూరు శాతం పెద్దది చేసి చూసినా స్పష్టంగా ఉండాలి.
2. ఆ కంట్లో వెలుగు చుక్క ఉండాలి.
3. ఒంటి మీద వెంట్రుకలు విడివిడిగా కనబడాలి. నల్ల రంగు పూసినట్టు ఉంటే లెక్కలోకి రాదు.

మూడో నియమమే నన్ను ఎక్కువ ఏడిపించింది. అది పెట్టుకోకపోతే ఈ పని రెండు వారాల్లో ముగిసేది, ఫొటోలు మాత్రం బాగుండేవి కావు.

దశ 0: ఉన్నది ఉన్నట్టు కొలవడం (సెప్టెంబరు 8)

పరికరాలు: ఏపీఎస్-సి సెన్సరు (వెలుగును ఫొటోగా మార్చే చిప్పు, మధ్యరకం సైజు) ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. లెన్సు, ఫోనులో లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) కొలిచే యాప్. ఫోను కొలత కచ్చితమైనదని నేను నమ్మను. అయితే ఒకే ఫోనుతో ఒకే తీరుగా కొలిస్తే ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది తెలుస్తుంది. నాకు కావలసింది అంతే.

గది 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. గోడలు పిస్తా రంగు. ఒక గోడకు ఎనిమిది అడుగుల ఎత్తులో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైటు. కాటుక పడుకునే చాప దగ్గర 60 లక్స్.

కెమెరాను ప్రోగ్రామ్ మోడ్‌లో (అంకెలు అదే ఎంచుకుంటుంది) పెట్టి, ఐఎస్ఓ (పెంచితే ఫొటో వెలుతురెక్కుతుంది, రవ్వలూ పెరుగుతాయి) గరిష్ఠంగా 3200 దాటకుండా చేసి 60 ఫొటోలు తీశాను. లెన్సును 55 మి.మీ. దగ్గర పెడితే అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. పనికొచ్చినవి రెండు. ఆ రెండూ అది గాఢంగా నిద్రపోయి, ఒక్క క్షణం కన్ను తెరిచినప్పటివి.

నేను చేసిన మొదటి తప్పు, మసకగా వచ్చిన ప్రతి ఫొటోకూ ఫోకస్‌ను తప్పు పట్టడం. రెండో రోజు పాడైన 58 ఫొటోలను పెద్దవి చేసి వేరు చేస్తే అసలు సంగతి తెలిసింది. వేరు చేసే పద్ధతి ఇది:

1. చాప అల్లిక స్పష్టంగా ఉండి పిల్లి మాత్రమే చెదిరితే, పిల్లి కదిలింది.
2. చాప, పిల్లి, గోడ అన్నీ ఒకే దిశలో సాగినట్టుంటే, నా చెయ్యి కదిలింది.
3. పిల్లి ముందున్నదో వెనకున్నదో స్పష్టంగా ఉండి, పిల్లి మెత్తగా ఉంటే, ఫోకస్ తప్పింది.

లెక్క: పిల్లి కదిలినవి 31, చెయ్యి కదిలినవి 14, ఫోకస్ తప్పినవి 9, కళ్లు మూసుకోవడం వంటి ఇతర కారణాలు 4. అంటే 45 ఫొటోలు షట్టర్ (వెలుగును లోపలికి వదిలి మూసుకునే తెర) నెమ్మదిగా ఉండటం వల్లనే పోయాయి. ఫైళ్లలో చూస్తే షట్టర్ వేగం 1/25 నుంచి 1/10 సెకను వరకు ఉంది. పిల్లి చెవి తిప్పడానికి అంత సమయం కూడా అక్కరలేదు.

*ఇప్పటివరకు: 60 ఫొటోలు, పనికొచ్చినవి 2, ఖర్చు సున్నా.*

దశ 1: షట్టర్ వేగం పెంచడం (సెప్టెంబరు 12)

షట్టర్ ప్రాధాన్య మోడ్‌లో (వేగం నేను ఎంచుకుంటే మిగతావి కెమెరా చూసుకుంటుంది) ఒక్కో వేగానికి 15 చొప్పున తీశాను. ఐఎస్ఓకు పరిమితి తీసేశాను.

- 1/60: మూడు స్పష్టం. ఐఎస్ఓ సుమారు 8,000. పడుకున్న పిల్లికి మాత్రమే పనికొస్తుంది.
- 1/125: ఆరు స్పష్టం. ఐఎస్ఓ 16,000. కూర్చుని తల నెమ్మదిగా తిప్పితే చాలుతుంది.
- 1/250: తొమ్మిది స్పష్టం. మా కెమెరా హద్దు అయిన 25,600 దగ్గర ఐఎస్ఓ ఆగిపోయింది, ఫొటో కాస్త చీకటైంది. ఒళ్లు నాక్కుంటున్నా, నడుస్తున్నా ఈ వేగం సరిపోతుంది.
- 1/500: పదకొండు స్పష్టం, కానీ అన్నీ చీకటి.

స్పష్టంగా వచ్చినవి 29 ఉన్నా, నా మూడో నియమం దగ్గర 24 పోయాయి. 16,000 దాటాక కాటుక ఒంటి మీద ఊదా, గోధుమ రంగుల రవ్వలు కమ్ముకున్నాయి. వెంట్రుకలు కలిసిపోయి తడి బొగ్గులా ఉంది. తెల్ల పిల్లినైతే ఈ రవ్వలు ఇంతగా బాధించవు, నాయిస్ (ఈ రవ్వల పేరు) ఎప్పుడూ చీకటి భాగాల్లోనే ఎక్కువగా కనబడుతుంది. మా పిల్లి మొత్తం చీకటి భాగమే.

ఇక్కడ నేర్చుకున్నది: 1/250 కావాలి, ఐఎస్ఓ 3,200 దగ్గర ఉండాలి. రెండింటి మధ్య మూడు స్టాప్‌లకు పైగా లోటు ఉంది. స్టాప్ అంటే వెలుగు ఒకసారి రెట్టింపు కావడం. మూడు స్టాప్‌లంటే ఎనిమిది రెట్లు. కెమెరాలో ఏ మీట నొక్కినా అంత వెలుగు పుట్టదు.

*ఇప్పటివరకు: 120 ఫొటోలు, పనికొచ్చినవి 7, ఖర్చు సున్నా.*

దశ 2: నలుపును కెమెరా ఎలా చూస్తుంది (సెప్టెంబరు 15 – 19)

కెమెరాలోని మీటరు (వెలుగు కొలిచే భాగం) తాను చూసేదంతా మధ్యస్థమైన బూడిద రంగు అనుకుంటుంది. నల్ల పిల్లి ఫ్రేమంతా నిండితే, చీకటిగా ఉందనుకుని షట్టర్‌ను ఇంకా నెమ్మది చేస్తుంది. దశ 0 లో 1/25 రావలసిన చోట 1/10 రావడానికి కారణం ఇదే. దీన్ని సరిచేయడానికి నాలుగు విధాలుగా, ఒక్కోదానికి పది ఫొటోలు తీసి చూశాను.

మొదటిది, ఐఎస్ఓ 1600 దగ్గర చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో మూడు స్టాప్‌లు పైకి లేపడం. రవ్వలతో పాటు అడ్డగీతలు కూడా వచ్చాయి. పనికిరాలేదు. కొత్త కెమెరాల సెన్సర్లు దీన్ని బాగా తట్టుకుంటాయి, మా పాతది తట్టుకోలేదు.

రెండోది, ఎక్స్‌పోజర్ సవరణను మైనస్ 2 చేయడం, అంటే మీటరు చెప్పినదానికన్నా రెండు స్టాప్‌లు చీకటిగా తీయడం. నల్ల పిల్లికి మైనస్ వేయాలన్న సూత్రాన్ని అతిగా పట్టుకున్నాను. ఒళ్లంతా పూర్తి నలుపులోకి జారిపోయింది. గుండె మీద తెల్ల వెంట్రుకలు మాత్రం గాలిలో తేలుతున్నట్టు మిగిలాయి.

మూడోది, మైనస్ 0.7. ఇది బాగుంది. కానీ కాటుక కాస్త పక్కకు జరిగి వెనక గోడ ఎక్కువగా కనబడితే చాలు, మీటరు మనసు మార్చుకుంటుంది.

నాలుగోదే ఇప్పటికీ వాడుతున్నది. పిల్లి కూర్చునే చోట ముందుగా బూడిద రంగు దుప్పటి పరచి, దాన్ని ఫ్రేము నిండా పెట్టి మీటరు చూసి, ఆ అంకెలను మాన్యువల్ మోడ్‌లో స్థిరపరచడం. వెలుగు మారనంతవరకు అంకెలూ మారవు. పిల్లి దగ్గరకు వచ్చినా, దూరం జరిగినా, ముఖం తిప్పినా ఫొటోల వెలుతురు ఒకేలా ఉంటుంది. అన్నింటినీ రా ఫైళ్లుగానే (సెన్సరు పట్టినదంతా దాచేవి) తీస్తున్నాను, నలుపులో దాగిన వివరం జేపెగ్‌లో సగం పోతుంది.

*ఇప్పటివరకు: 160 ఫొటోలు, పనికొచ్చినవి 10, ఖర్చు సున్నా.*

దశ 3: దీపాలు కొనడం, పిల్లిని బెదరగొట్టడం (సెప్టెంబరు 22 – అక్టోబరు 10)

ఈ దశ గురించి వివరంగా రాస్తాను. డబ్బు కన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరిగింది.

12 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు కొన్నాను, ఒక్కోటి 90 రూపాయలు. హోల్డరు, వైరు, ప్లగ్గు కలిపి 140. ట్యూబులైటు ఆర్పి, ఒక బల్బుతో దూరం కొలిచాను:

- 200 సెం.మీ. దగ్గర 38 లక్స్
- 100 సెం.మీ. దగ్గర 130 లక్స్
- 70 సెం.మీ. దగ్గర 250 లక్స్

దూరం సగం చేస్తే వెలుగు సుమారు నాలుగు రెట్లు కావాలన్నది సూత్రం. 38 నుంచి 130 అంటే మూడున్నర రెట్లు. దూరంగా ఉన్నప్పుడు గోడలు తిప్పి పంపే వెలుగు కూడా కలుస్తుంది కాబట్టి ఆ తేడా. కొనే బల్బు వాట్ల కన్నా పెట్టే దూరం ముఖ్యమన్నది ఈ మూడు అంకెలతో అర్థమైంది. పెద్ద బల్బు కొనేముందు ఉన్న బల్బును దగ్గరకు జరిపి చూడండి.

తప్పు 1: చారలు. 1/250 దగ్గర తీసిన ఫొటోల్లో అడ్డంగా చీకటి పట్టీలు వచ్చాయి. వరసగా తీసిన మూడింటిలో ఒకటి పసుపు, ఒకటి మామూలు, ఒకటి చీకటి. కెమెరా పాడైందని భయపడ్డాను. కారణం బల్బు. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చక్రాలు; ఒక్కో చక్రానికి రెండుసార్లు చొప్పున చవక బల్బు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి అది తెలియదు. షట్టర్ 1/100 కన్నా వేగంగా ఉంటే ఆ హెచ్చుతగ్గుల్లో ఏదో ఒక ముక్క మాత్రమే దొరుకుతుంది. 1/200 దాటాక చాలా కెమెరాల్లో షట్టర్ తెర ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకోదు, సన్నటి చీలికలా ఫ్రేము మీదుగా జారుతుంది. అందుకే పట్టీలు.

పరీక్ష ఇలా చేయవచ్చు:

1. ఆ బల్బు ఒక్కటే వెలిగించి, కింద తెల్ల కాగితం పెట్టాలి.
2. షట్టర్ 1/1000, మిగతా అంకెలు మాన్యువల్‌గా స్థిరం.
3. వరసగా పది ఫొటోలు. పదీ ఒకేలా ఉంటే బల్బు మంచిది.

నా రెండు బల్బులూ ఈ పరీక్షలో పోయాయి. ఈసారి కెమెరా వెంటబెట్టుకునే ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు ఓపికగా ఆరు రకాలు వెలిగించి చూపించారు. వాటిలో రెండు రకాలు నిలకడగా ఉన్నాయి. ఒక రకంలో రెండు తీసుకున్నాను, ఒక్కోటి 160. పాత బల్బులు వరండాకు వెళ్లాయి.

తప్పు 2: పచ్చ పిల్లి. నేరుగా వెలుగు పడితే నీడలు కటువుగా ఉన్నాయని, బల్బును గోడకు తిప్పి ఆ తిరుగు వెలుగులో తీశాను. నీడలు మెత్తబడ్డాయి, కానీ మీసాలు, గుండె మీది తెల్ల వెంట్రుకలు పచ్చబారాయి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగు సవరణ) సరిచేస్తే మీసాలు తెల్లబడి, ట్యూబులైటు వెలుగు పడిన చోటంతా గులాబీ రంగైంది. రెండు రంగుల వెలుగులు కలిసినప్పుడు ఒక్క సవరణతో రెండూ సరికావు. పిస్తా గోడ అందంగా ఉంటుంది గానీ ఈ పనికి శత్రువు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న థర్మాకోల్ షీట్లు రెండు 120 రూపాయలకు తెచ్చి, పక్కపక్కన అతికించి గోడకు ఆనించాను. పచ్చదనం పోయింది. అప్పటినుంచి ఫొటోలు తీసేటప్పుడు ట్యూబులైటు ఆర్పేస్తున్నాను.

తప్పు 3: అసలైన తప్పు. సెప్టెంబరు 30 సాయంత్రం, 250 లక్స్ కావాలన్న ఆత్రంలో బల్బును చాపకు 70 సెం.మీ. దూరంలో, కవరు ఏమీ లేకుండా, పిల్లి ముఖం ఎత్తులో పెట్టి వెలిగించాను. కాటుక కళ్లు చిట్లించింది, చెవులు వెనక్కి వాల్చింది, లేచి మంచం కిందకు వెళ్లిపోయింది. "ముందు ఆ లైటు తీసేయమ్మాయ్, దాని కళ్లు చూడు" అని అత్తయ్య అంటున్నప్పటికి కూడా నేను కెమెరాలో అంకెలే చూస్తున్నాను. తర్వాత రెండు రోజులు అది ఆ చాప మీదకు రాలేదు. హోల్డరు చేత్తో పట్టుకుంటే చాలు, గది వదిలి వెళ్లేది.

పని ఆపేశాను. అక్టోబరు 3 నుంచి 9 వరకు కెమెరా బయటికే తీయలేదు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు బల్బును రెండు మీటర్ల దూరంలో, థర్మాకోల్ వైపు తిప్పి ఊరికే వెలిగించి ఉంచాను. నాలుగో రోజు చాప మీదకు వచ్చింది. ఏడో రోజు ఆ వెలుగులోనే నిద్రపోయింది. దీపానికి పిల్లిని అలవాటు చేయడానికి వారం పడుతుందని మొదటే లెక్క వేసుకుని ఉంటే, ఆ రెండు రోజుల భయం దానికి ఉండేది కాదు. మీరు ఈ డైరీలోంచి ఒక్క అడుగే తీసుకుంటే దీన్నే తీసుకోండి.

అక్టోబరు 10న 60 ఫొటోలు, పనికొచ్చినవి 6.

*ఇప్పటివరకు: 220 ఫొటోలు, పనికొచ్చినవి 16, ఖర్చు రూ. 760.*

దశ 4: ఎఫ్ 1.8 లెన్సు (అక్టోబరు 14 – 20)

ఎవరో వాడిన 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు 6,500 రూపాయలకు దొరికింది. ఎఫ్ 5.6 తో పోలిస్తే ఇది దాదాపు పది రెట్లు, అంటే మూడు స్టాప్‌లకు కాస్త ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. దశ 1 లో లెక్కగట్టిన లోటు సరిగ్గా అంతే కాబట్టి, పని పూర్తయినట్టే అనుకున్నాను.

80 ఫొటోల్లో పనికొచ్చినవి 9. ముక్కు స్పష్టం, కన్ను మెత్తన. లేదా కన్ను స్పష్టం, చెవులు రెండూ మాయం. లెన్సులో దోషమేమోనని వార్తాపత్రికను 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, ఒక శీర్షిక మీద ఫోకస్ చేసి పది ఫొటోలు తీశాను. ఎనిమిది సరిగ్గా శీర్షిక మీదే పడ్డాయి. లెన్సు మంచిదే.

అసలు విషయం లోతు. మా కెమెరాలో ఈ లెన్సుతో స్పష్టంగా ఉండే మందం సుమారుగా ఇలా వస్తుంది:

- మీటరు దూరం, ఎఫ్ 1.8: రెండున్నర సెం.మీ. పైచిలుకు
- మీటరున్నర దూరం, ఎఫ్ 1.8: 6 సెం.మీ.
- మీటరున్నర దూరం, ఎఫ్ 2.8: తొమ్మిదిన్నర సెం.మీ.

కాటుక నిద్రపోతున్నప్పుడు స్కేలుతో కొలిచాను. ముక్కు కొస నుంచి కంటికి మూడున్నర, చెవి మొదలుకు తొమ్మిది సెం.మీ. మీటరు దూరం నుంచి ఎఫ్ 1.8 తో తీస్తే ముఖం ఆ మందంలో పట్టదు. అందుకే మీటరున్నర దూరం, ఎఫ్ 2.8 దగ్గర ఆగాను. కొన్న మూడు స్టాప్‌లలో ఒకటింపావు ఇలా తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. మిగిలింది రెండు స్టాప్‌లు, అంటే నాలుగు రెట్లు. దానికి ఆ డబ్బు తక్కువేమీ కాదు, ఎక్కువా కాదు. దీపాల పని చేయకుండా ముందు లెన్సు కొని ఉంటే మాత్రం నిరాశపడేదాన్ని.

ఫోకస్ విషయంలో మరొకటి. నల్ల వెంట్రుకల మీద ఫోకస్ బిందువు పెడితే లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది, పట్టుకోవడానికి దానికి అక్కడ అంచు దొరకదు. పసుపు కనుగుడ్డుకూ నల్లటి రెప్పకూ మధ్య అంచు మీద మధ్య బిందువును పెడితే వెంటనే పట్టుకుంటుంది. మా కెమెరాలో పక్క బిందువులు తక్కువ వెలుగులో బలహీనం. అలాగని మధ్య బిందువుతో ఫోకస్ చేసి కెమెరాను పక్కకు తిప్పితే ఇంత దగ్గర దూరంలో ఫోకస్ జారుతుంది. అందుకే కన్నును మధ్యలోనే ఉంచి కాస్త వెడల్పుగా తీసి, తర్వాత కత్తిరించుకుంటున్నాను.

*ఇప్పటివరకు: 300 ఫొటోలు, పనికొచ్చినవి 25, ఖర్చు రూ. 7,260.*

దశ 5: కుట్టు మిషను (అక్టోబరు 23 – నవంబరు 6)

ఆరు వారాలుగా కాటుకను హాల్లోని చాప మీదకు పిలుస్తూనే ఉన్నాను. ఒక పొద్దున అత్తయ్య అడిగారు: "తొమ్మిదింటికల్లా అది మిషను మీదకు చేరుతుంది కదా, దాన్ని ఇక్కడికి ఎందుకు లాక్కొస్తావు?"

ఆమె గదిలో ఉత్తరం వైపు కిటికీ, దాని పక్కన మూత వేసిన కుట్టు మిషను. కాటుక ఏళ్లుగా అక్కడ కూర్చుంటోంది. నేను వెలుగు ఎంత అన్నదే చూశాను. ఎక్కడ, ఎప్పుడు, ఏ పక్క నుంచి అన్నవి ఆమె చూశారు.

మబ్బు పట్టిన ఉదయం మిషను మీద 640 లక్స్. చాప దగ్గర వెలుగుకు పది రెట్లకు పైగా. ఎఫ్ 2.8, 1/250, ఐఎస్ఓ 800. అరవైలో 31 పనికొచ్చాయి. కొత్త వస్తువు ఏదీ కొనలేదు.

ఆ ఫొటోలను చాప మీది వాటి పక్కన పెట్టి చూశాక అసలు తేడా పట్టుబడింది. వెలుగు ఎక్కువగా ఉండటం ఒక్కటే కాదు, అది పక్క నుంచి వచ్చింది. నల్ల వెంట్రుకలకు ఎంత వెలుగు పోసినా నలుపు నలుపే. వాటి ఆకారం తెలిసేది వాటి మీది మెరుపు వల్లనే. ముందు నుంచి పడే వెలుగు ఆ మెరుపును చదును చేస్తుంది. అదే రాత్రి బల్బును నాలుగు కోణాల్లో పెట్టి చూశాను: నా భుజం దగ్గర నుంచి, 45 డిగ్రీలు, సరిగ్గా పక్క, పక్క నుంచి కాస్త వెనక. వెన్ను మీది వెంట్రుకలు చివరి దానిలో బాగా విడివడ్డాయి, కానీ కంట్లో వెలుగు చుక్క పోయింది. సరిగ్గా పక్కన పెడితే రెండూ దక్కాయి. ఆ కిటికీ ఉన్నది కూడా మిషనుకు సరిగ్గా పక్కనే.

అక్కడితో ప్రణాళిక మారింది. పిల్లిని దీపం దగ్గరకు తేవడం మానేసి, దీపాన్ని కిటికీలో పెట్టాను.

1. కిటికీ చట్రానికి పైన, కింద క్లిప్పులతో (రూ. 50) పాత తెల్ల పంచెను ఒక పొరగా బిగించాను.
2. దాని వెనక, బట్టకు 30 సెం.మీ. దూరంలో, రెండు బల్బులు. బట్ట బల్బుకు తగలకూడదు. వైరు పిల్లికి అందకూడదు, మాది దాన్ని కొరుకుతుంది.
3. ఎదురుగా, మిషనుకు అవతలి వైపు, థర్మాకోల్ బోర్డు. నీడ పక్క చెవి దీనివల్లనే కనబడుతుంది.
4. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పడం.
5. మూడు రాత్రులు కెమెరా లేకుండా ఊరికే వెలిగించి ఉంచడం.

పంచె సగం వెలుగును మింగేసింది, మిషను మీద 160 లక్స్ మిగిలింది. అయినా ఎఫ్ 2.8, 1/250 కి ఐఎస్ఓ 3,200 సరిపోయింది. దశ 1 లో కోరుకున్న అంకె ఇదే. కాటుక కళ్లు చిట్లించలేదు. మరో లాభం నేను ఊహించనిది: 60 లక్స్‌లో దాని కంటిపాపలు కన్నంతా వ్యాపించి, పసుపు సన్నటి ఉంగరంలా మిగిలేది. 160 లక్స్‌లో పాప సగానికి తగ్గి, పసుపు రంగు కనబడింది. నల్ల ముఖంలో కళ్లు వెలగడానికి కారణం ఆ పసుపే.

అరవైలో 24.

*ఇప్పటివరకు: 420 ఫొటోలు, పనికొచ్చినవి 80, ఖర్చు రూ. 7,310.*

పక్కదారి: ఫ్లాష్ (నవంబరు 9)

పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఒక మిత్రుడు ఫ్లాష్ ఇచ్చారు. ముందు నల్ల వెల్వెట్ సంచి మీద పరీక్షించాను. ఫ్లాష్ తలను పైకెత్తి తెల్లటి సీలింగుకు కొడితే వెలుగు మెత్తగా దిగుతుంది. నేరుగా పిల్లి ముఖం మీద కొట్టకూడదని ముందే నిర్ణయించుకున్నాను. అలా కొడితే కంటి లోపల వెనక భాగంలో ఉండే ట్యాపెటమ్ ల్యూసిడమ్ అనే పొర వెలుగును తిప్పి పంపడం వల్ల కళ్లు పచ్చగా మండినట్టు వస్తాయి, ఫొటో కూడా పాడే. సీలింగుకు కొడుతూ కాటుకను ఐదు తీశాను. వెలుగుకు అది బెదరలేదు. ఒక్కోసారి కొట్టాక ఫ్లాష్ మళ్లీ నిండేటప్పుడు వచ్చే సన్నటి కూతకు చెవులు వెనక్కి వాల్చింది. సెప్టెంబరు 30 గుర్తొచ్చి అక్కడే ఆపి, మరునాడు తిరిగి ఇచ్చేశాను.

*ఇప్పటివరకు: 425 ఫొటోలు, పనికొచ్చినవి 80.*

దశ 6: వేళ (నవంబరు 12)

అన్నం తిన్నాక పది నిమిషాలు ఒళ్లు నాక్కుంటుంది. ఆ తర్వాత మిషను ఎక్కి, పడుకునేముందు అయిదారు నిమిషాలు కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది. మూడు రోజులు గడియారం పెట్టి రాసుకుంటే ఈ క్రమం మారలేదు. ఆ అయిదారు నిమిషాలకే ముందుగా అంతా సిద్ధం చేసి, నేల మీద స్టూలు వేసుకుని దాని కళ్ల ఎత్తులో కూర్చున్నాను. షట్టర్‌ను నిశ్శబ్ద మోడ్‌లో పెట్టి, ఒక్కో నొక్కుకు మూడు చొప్పున తీశాను. మూడింటిలో మధ్యది చాలాసార్లు మేలు, నొక్కినప్పుడు చెయ్యి కదిలే కదలిక మొదటిదానిలో ఉంటుంది. పిలవలేదు, చిటిక వేయలేదు.

అరవైలో 33.

*ఇప్పటివరకు: 485 ఫొటోలు, పనికొచ్చినవి 113, ఖర్చు రూ. 7,310.*

దశ 7: ప్రింటు (నవంబరు 15 – 18)

రెండు ఫొటోలు 12 × 8 అంగుళాల కొలతలో ప్రింటు వేయించాను, 160 రూపాయలు. తెర మీద నన్ను బాధించిన రవ్వలు కాగితం మీద కనబడనే లేదు. కానీ వెంట్రుకలు కూడా కనబడలేదు, రెండూ చీకటి. తప్పు నాది. తెర వెలుతురు పూర్తిగా పెంచి ఫొటోలు సరిచేశాను, కాగితానికి సొంత వెలుగు ఉండదు. తెర వెలుతురు సగానికి తగ్గించి, పక్కన తెల్ల కాగితం పెట్టుకుని అంత తెలుపుగా కనబడేలా సరిచూసి, ఫొటోను అర స్టాప్ పెంచి మళ్లీ వేయించాను. మరో 160. నాయిస్ తగ్గించే మీటను కూడా ఈసారి సగానికి తగ్గించాను, అది రవ్వలతో పాటు వెంట్రుకలనూ తుడిచేస్తోంది.

రెండోసారి వచ్చిన ప్రింటులో ఎడమ చెవి నొక్కు ఉంది. గుండె మీది తెల్ల వెంట్రుకలను అత్తయ్య వేలితో లెక్కపెట్టారు: ఐదు.

*మొత్తం: 485 ఫొటోలు, పనికొచ్చినవి 113, ఖర్చు రూ. 7,630. లెన్సు తీసేస్తే రూ. 1,130.*

మిషను సొరుగులో అతికించిన చీటీ ఇది, కావలసినవాళ్లు ఎత్తి రాసుకోవచ్చు:

- రాత్రి, కిటికీ దీపం: మాన్యువల్, ఎఫ్ 2.8, 1/250, ఐఎస్ఓ 3,200, రా
- నిద్రలో ఉంటే: 1/60, ఐఎస్ఓ 800
- పగలు, మబ్బు: ఎఫ్ 2.8, 1/250, ఐఎస్ఓ 800
- దూరం మీటరున్నర, కన్ను మధ్యలో
- కళ్లు చిట్లిస్తే దీపం ఆర్పడం, ఆ రోజుకు కెమెరా లోపల పెట్టడం

మిషను మీంచి కిందికి దూకే క్షణం ఇంకా దొరకలేదు. దానికి 1/500 అయినా కావాలి, ఐఎస్ఓ 6,400 అవుతుంది. మూడో బల్బుకు హోల్డరు తెచ్చాను. ఈ వారం అది వెలుగుతూ ఉంటుంది, కెమెరా లేకుండా.